రెండు వందల గెలుపులు, ఒకే ఒక్క గెలుపు



ఈసారి కార్ల రేసుల గురించి రాస్తున్నాను. నాకు రేసుల షౌఖ్ ఏనాడూ లేదు. స్కూటీ మీద మేడ్చల్ నుంచి సికింద్రాబాద్ వెళ్లి రావడమే నాకు పెద్ద సఫర్. కానీ మొన్న ఈద్ రోజు మా ఖాందాన్‌లో ఒక బహస్ జరిగింది. అందులో నేను ఒక మాట అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ మాటకి జవాబు నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. అందుకే ఈ రాత.

మేడ్చల్‌లో ఆపా ఇంట్లో అందరం కలిశాం. భోజనాలయ్యాయి, దస్తర్‌ఖాన్ ఎత్తేశారు, షీర్ ఖుర్మా గిన్నెలు చేతుల్లో ఉన్నాయి. ఆపా పెద్ద కొడుకు అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లట్ అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ నౌకరీ చేస్తాడు. నాలుగేళ్ల తర్వాత ఈద్‌కి ఇంటికొచ్చాడు. చెల్లెలి కొడుకు శామీర్‌పేటలో, రాజీవ్ రహదారి పక్కన కార్ల రిపేర్ షెడ్డు నడుపుతాడు. ఇద్దరూ నాకు భాంజాలే. ఇద్దరికీ చిన్నప్పటి నుంచి కార్లంటే జాన్.

షార్లట్‌లో కార్ల బహస్ లేకుండా రోజు గడవదట. అమెరికా స్టాక్ కార్ రేసులకి ఆ ఊరే సదర్ మకాం. నాస్కార్ వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్ 2010లో తెరిచింది అక్కడే. స్టాక్ కార్ అంటే తెలియని వాళ్లకి ఒక్క మాట: షోరూమ్‌లో అమ్మకానికి నిలవున్న సరుకుని స్టాక్ అంటాం కదా, ఆ మామూలు కారుతోనే పరుగు పెట్టడం. మొదట్లో దొంగ సారా మోసేవాళ్లు పోలీసులకి దొరక్కుండా కార్లకి ఇంజన్ బలం పెంచుకునేవాళ్లు. ఆ హునర్ నుంచి ఈ ఆట పెరిగింది. నాస్కార్ సంస్థ 1948లో ఏర్పడింది, 1949లో షార్లట్‌లోనే దాని మొదటి స్టాక్ కార్ రేసు జరిగింది. ఇప్పటి రేసు కార్లు పేరుకే స్టాక్, లోపలంతా రేసు కోసమే కట్టినవి. మన పిల్లలకి ఇదంతా 'కార్స్' సినిమా వల్ల తెలుసు. అందులో 'ది కింగ్' అనే ముసలి నీలం కారుకి గొంతు ఇచ్చింది రిచర్డ్ పెట్టీయే.

బహస్ కూడా ఆ పేరుతోనే మొదలైంది. అన్ని జమానాల్లో అందరికంటే గొప్ప డ్రైవర్ ఎవరు?

"రిచర్డ్ పెట్టీ. బస్, ఖతం," అన్నాడు షార్లట్ భాంజా. "200 గెలుపులు. రెండోవాడికి 105. ఇంకా బహస్ ఏముంది మామూ? నంబర్లు ఝూట్ నహీ బోల్తే."

ఇంటర్ చదివే వాడి తమ్ముడు ఒప్పుకోలేదు. "జిమ్మీ జాన్సన్, భాయ్. 2006 నుంచి 2010 దాకా వరసగా ఐదు చాంపియన్‌షిప్‌లు. అట్ల ఇంకెవరు చేసిన్రు?" ఇంకొకడు డేల్ ఎర్న్‌హార్ట్ అన్నాడు. ముందున్న కారుని గుద్దైనా దారి తీసుకునే మనిషి, అసలు మర్ద్ అంటే వాడే అన్నాడు.

శామీర్‌పేట భాంజా అప్పటిదాకా మాట్లాడలేదు. గిన్నె కింద పెట్టి మెల్లగా అడిగాడు. "గాడీ ఎవరిది భాయ్? ఇంజన్ ఎవరు కట్టిన్రు? ఆ రోజు ట్రాక్ మీదికి ఎవరెవర్ని రానిచ్చిన్రు? అది చెప్పకుండ నంబర్ ఎట్ల చెప్తవ్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోలేదు. "నువ్వు ముందు నీ షెడ్డు నంబర్లు పెంచుకో బేటా, అమెరికా వాళ్ల హిసాబ్ తర్వాత చూద్దువు," అన్నాను.

వాడు ఏమీ అనలేదు. "చల్తా మామూ, సలాం," అని బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. గిన్నెలో షీర్ ఖుర్మా సగం అలాగే ఉంది. ఆ గిన్నె తీసుకుపోతూ చెల్లెలు నా ముఖం వైపు చూడలేదు.

ఆ రాత్రి నుంచి నేను ఈ రేసుల తారీఖ్ చదవడం మొదలుపెట్టాను. అఖ్బార్‌లో పనిచేసే వాడికి చదవడం ఒక్కటే తౌబా. చదివాక చెప్తున్నాను: ఆ గదిలో చదువుకున్న వాళ్లందరం తప్పు. షెడ్డు నడిపేవాడి సవాల్ ఒక్కటే సహీ.

ముందు పెట్టీ 200 చూద్దాం. నంబర్ నిజమే. కానీ దాన్ని ఎన్ని పరుగుల్లో సంపాదించాడు? 1,184. డేవిడ్ పియర్సన్ గెలిచినవి 105, పరుగు పెట్టినవి 574. భాగించి చూడండి. పెట్టీ వంద పరుగులకి దాదాపు 17 గెలిచాడు, పియర్సన్ 18కి పైగా. మా షార్లట్ భాంజా 'రెండోవాడు' అని తీసిపారేసిన మనిషి నిష్పత్తిలో మొదటివాడి కంటే పైన ఉన్నాడు. 1973లో పియర్సన్ 18 రేసుల్లోనే దిగి 11 గెలిచాడు. సీజన్ మొత్తం తిరగలేదు కాబట్టి ఆ ఏడు చాంపియన్ కాలేదు.

జమానా సంగతి కూడా చూడాలి. 1964లో ఆ సీజన్‌లో 62 రేసులు. వారంలో రెండు మూడు కూడా ఉండేవి, కొన్ని చిన్న మట్టి ట్రాకుల మీద. పెద్ద కంపెనీల డ్రైవర్లు అన్నింటికీ వచ్చేవాళ్లు కాదు. 1967లో పెట్టీ 48 రేసుల్లో 27 గెలిచాడు, అందులో 10 వరసగా. అది మామూలు విషయం కాదు, నేను తక్కువ చేయను. కానీ 1972 నుంచి సీజన్‌ని 31 రేసులకి కుదించారు. ఇప్పుడు 36. ఏడాదికి 36 రేసులే ఉన్న డ్రైవర్‌ని, 62 ఉన్న జమానా డ్రైవర్ పక్కన నిలబెట్టి "నీకు 200 ఎందుకు రాలేదు" అని అడగడం ఏం ఇన్సాఫ్? బావి ఉన్నవాడి పొలాన్నీ వాన మీద బతికేవాడి పొలాన్నీ ఒకే బస్తాతో కొలిచినట్టు.

చాంపియన్‌షిప్‌ల లెక్క ఇంతకంటే గట్టిగా ఉంటుందనుకున్నాను. పెట్టీకి 7, ఎర్న్‌హార్ట్‌కి 7, జాన్సన్‌కి 7. ముగ్గురూ సమానం అనిపిస్తుంది. కానీ ముగ్గురూ ఒకే ఖానూన్ కింద గెలవలేదు. 1975లో పాయింట్ల పద్ధతి మారింది. 2004 నుంచి చివరి పది రేసులకి పైవాళ్ల పాయింట్లు దాదాపు సమానం చేసి, అక్కడి నుంచి కొత్త ముఖాబ్లా పెట్టారు. ఆ పద్ధతి లేకపోయి ఉంటే 2007 చాంపియన్ జెఫ్ గోర్డన్. ఆ పద్ధతి ఉంది కాబట్టి జాన్సన్. జాన్సన్ చోరీ చేయలేదు, తన ముందున్న ఖానూన్‌లోనే ఆడి గెలిచాడు. కానీ ఆ ఏడు కప్పుల్ని 1964 నాటి కప్పు మీద పేర్చి ఎవరి వరస ఎత్తు అని చూడటం కుదరదు.

"సరే మామూ, కప్పులు వద్దు, గడియారం చూద్దాం, స్పీడ్ ఝూట్ చెప్పదు కదా" అని షార్లట్ భాంజా వాట్సాప్‌లో పంపాడు. బేటా, అదీ చూశాను. 1987లో టలడేగాలో క్వాలిఫైయింగ్ పరుగులో బిల్ ఎలియట్ గంటకి 212.809 మైళ్లు పరుగెత్తించాడు. మన లెక్కలో 342 కిలోమీటర్లు. అదే వారం రేసులో బాబీ అలిసన్ కారు గాల్లోకి లేచి, జనం ముందున్న కంచెని చీల్చింది. మరుసటి ఏడు నుంచి అలాంటి పెద్ద ట్రాకుల మీద ఇంజన్‌కి వెళ్లే గాలిని తగ్గించే పలక బిగించారు. అందుకే ఎలియట్ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. గడియారమే ముఫ్తీ అయితే, 1987 తర్వాత పుట్టిన ఏ డ్రైవరూ గొప్పవాడు కాడు. దీన్ని మీరెవరైనా ఒప్పుకుంటారా?

ఈ జబ్బు నాకు కొత్త కాదు. నేను ఉర్దూ మీడియం బడిలో చదివాను. అక్కడ పిల్లలం మీర్ గొప్పా, గాలిబ్ గొప్పా అని కొట్టుకునేవాళ్లం. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. అక్కడ తిక్కన గొప్పా, పోతన గొప్పా అని కొట్టుకున్నాం. ఇద్దరి మధ్య రెండు శతాబ్దాలు ఉన్నాయని, ఒకాయన రాజాస్థానంలో, ఒకాయన పొలం పక్కన కూర్చున్నాడని చెప్పుకుంటారని మాకు గుర్తుండేది కాదు. మా ఉర్దూ ఉస్తాద్ మాత్రం ఒక్క మాట అనేవారు: ముందు ఇద్దరూ నిలబడ్డ జమీన్ చూడండి, తర్వాత ఖద్ కొలవండి. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ మాటనే మా చిన్న భాంజా ఇంకో రకంగా అడిగాడు. గాడీ ఎవరిది?

ఆ సవాల్ పట్టుకుని పెట్టీ ఇంటికి వెళ్దాం. రిచర్డ్ తండ్రి లీ పెట్టీ మూడుసార్లు చాంపియన్. 1959లో మొట్టమొదటి డేటోనా 500 గెలిచింది ఆయనే. ఇంటి వెనకే రేసు కార్ల వర్క్‌షాప్, ఇంజన్ కట్టే హునర్ ఉన్న ఖాందాన్. అదే ఏడు అట్లాంటా దగ్గర ఒక రేసులో రిచర్డ్‌ని విజేతగా ప్రకటిస్తే, లెక్క తప్పు, గెలిచింది నేను అని స్వయంగా తండ్రే ఫిర్యాదు చేశాడు. తిరగలెక్కించి తండ్రికే ఇచ్చారు. బాప్ బేటా అని చూడకుండా హఖ్ అడిగిన ఆ మనిషి నాకు నచ్చాడు. కానీ ఇక్కడ ఒక విషయం యాదుంచుకోండి: ఆ రోజుల్లో ల్యాపులు చేత్తో లెక్కపెట్టేవాళ్లు, తప్పులు మామూలే. డేటోనాలో కూడా మొదట వేరే అతన్ని విజేత అన్నారు. ఫొటోలు తెప్పించి, చూసి, మూడో రోజు లీ పెట్టీకి ఇచ్చారు. లెక్క తప్పితే సరిచేసే దారి ఉండేది. అందరికీ ఉండేదా అన్నదే అసలు మాట.

ఇప్పుడు వెండెల్ స్కాట్ దగ్గరికి వస్తున్నాను. వర్జీనియాలోని డాన్‌విల్ ఊరివాడు, 1921లో పుట్టాడు. నల్లవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫౌజులో మెకానిక్. తిరిగొచ్చి టాక్సీ నడిపాడు, రిపేర్ షాపు పెట్టుకున్నాడు. రేసుల్లోకి వచ్చాక తన కారు తానే కట్టుకున్నాడు. పాత కార్లు, వేరేవాళ్లు వాడి వదిలేసిన సామాను. పెద్ద టీములకి జీతం మీద మిస్త్రీలు ఉంటే, స్కాట్‌కి సొంత కొడుకులే మిస్త్రీలు. కొన్ని ట్రాకుల్లో ఆయనకి ఎంట్రీయే ఇవ్వలేదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో అప్పుడు తెల్లవాళ్ల హోటల్లో నల్లవాడికి ముద్ద పెట్టేవాళ్లు కాదు, పడుకోవడానికి చోటిచ్చేవాళ్లు కాదు.

1963 డిసెంబర్ 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో స్కాట్ గెలిచాడు. అందరికంటే ముందున్నాడు. అయినా జెండా ఊపలేదు. ఆయన పరుగు ఆపకుండా మళ్లీ తిరిగాడు. వెనకున్న బక్ బేకర్ అనే తెల్ల డ్రైవర్‌ని విజేత అని పిలిచి, ట్రోఫీ ఇచ్చి, ఫొటోలు తీశారు. జనం ఇళ్లకి వెళ్లిపోయాక, గంటల తర్వాత, లెక్క తప్పింది, గెలిచింది స్కాట్ అని ఒప్పుకున్నారు. అప్పటికి ట్రోఫీ లేదు, జనం లేరు, తాళీలు లేవు. స్కాట్ 1990లో ఇంతెఖాల్ అయ్యాడు. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు 2015లో చేరింది. ఆ గెలుపు ట్రోఫీని ఆయన కుటుంబం చేతికి ఇచ్చింది 2021 ఆగస్టులో.

పెట్టీ ఖాందాన్‌కి ఇన్సాఫ్ మూడు రోజుల్లో దొరికింది. స్కాట్ ఖాందాన్‌కి దాదాపు 58 ఏళ్లు పట్టింది. అవే చేతి లెక్కలు, అదే సంస్థ. నంబర్లు ఝూట్ చెప్పవంటారా? నంబర్లు రాసేది మనిషి. ఆ రోజు రాసినవాడి చేతిని ఏది ఆపిందో అక్కడ ఉన్న ప్రతి నల్లవాడికీ తెలుసు.

స్కాట్ ఖాతాలో ఇప్పుడు 495 పరుగులు, ఒక్క గెలుపు. మొదటి పదిలో 147 సార్లు. 1966లో సీజన్ మొత్తానికి ఆరో స్థానం. పాత సామానుతో, కొడుకుల చేతి పనితో, తిండి దొరకని దారుల మీద. ఆ 147లో ఒక్కొక్కటి ఎన్ని గెలుపులకి సమానమో చెప్పే మీజాన్ నాస్కార్ దగ్గర లేదు, నా దగ్గరా లేదు. కానీ దాన్ని సున్నా కింద లెక్కగట్టే మీజాన్ తప్పు అని మాత్రం చెప్పగలను.

"ఇది జజ్బాత్ మామూ. జాలితో గ్రేటెస్ట్ అవ్వరు," అన్నాడు పెద్ద భాంజా ఫోన్‌లో. వాడి మాటలో పస ఉంది, జవాబు ఇవ్వాలి. స్కాట్ అందరికంటే వేగంగా నడిపాడని నేను అనడం లేదు. ఎలా అంటాను? మంచి ఇంజన్ ఇచ్చి ఎవరూ చూడలేదు కదా. నేను అనేది వేరు: 'అన్ని జమానాల్లో గ్రేటెస్ట్' అన్నప్పుడు, ఆ జమానాల్లో అందరూ పరుగు పెట్టారని మనం మాన్కుంటున్నాం. స్కాట్ తర్వాత ఆ పై స్థాయి రేసుల్లో ఇంకో నల్ల డ్రైవర్ గెలిచింది 2021 అక్టోబర్‌లో, బబ్బా వాలస్. మధ్యలో 58 ఏళ్లు. అన్ని ఏళ్ల పాటు ఆ ఖౌమ్‌లో ఒక్కడికీ స్టీరింగ్ పట్టడం రాలేదంటారా? ఆడవాళ్ల సంగతీ అంతే. జానెట్ గత్రీ 1977లో డేటోనా 500లో దిగిన మొదటి ఆడమనిషి. అదే ఏడు బ్రిస్టల్‌లో ఆరో స్థానంలో వచ్చింది. ఆమె కంటే ముందు ఆ రేసుకి అర్హత ఉన్న అమ్మాయి పుట్టనే లేదా? మనం 'గ్రేటెస్ట్' అని రాసే జాబితా, లోపలికి రానిచ్చినవాళ్ల జాబితా. తలుపు బయట ఉన్నవాళ్లకి అందులో సున్నా కూడా లేదు.

ఇది అమెరికా సంగతే, మనకేం అనుకోకండి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ ఒడ్డున, ఫార్ములా ఈ రేసు జరిగింది. జౌన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. మన దేశపు మహీంద్రా టీమ్ కూడా ఉంది. ఆ టీమ్ కార్లలో కూర్చున్నది బ్రెజిల్ డ్రైవర్ ఒకరు, ఇంగ్లండ్ డ్రైవర్ ఒకరు. ఆ రోజు మన ఊరి రోడ్డు మీద ఒక్క హిందుస్తానీ డ్రైవర్ లేడు. ఆ నౌకరీకి పనికొచ్చేవాళ్లని వాళ్లు తీసుకున్నారు, తప్పు పట్టను. కానీ ఆ సీటు దాకా రావాలంటే ఏడెనిమిదేళ్ల వయసు నుంచే కార్టింగ్, టైర్లు, విదేశీ ప్రయాణాలు కావాలి. మా చిన్న భాంజా ఏడేళ్ల వయసులో షెడ్డులో నట్లు కిరోసిన్‌తో కడిగేవాడు. వాడి చేతిలో ఏముందో ఏ గడియారమూ కొలవలేదు.

ఇప్పుడు ఎర్న్‌హార్ట్. మా ఇంటి కుర్రవాళ్లకి అందరికంటే ఇష్టమైనవాడు, అందుకే ఎక్కువ భయపడాల్సింది ఇతని కథకే. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 చివరి ల్యాప్‌లో గోడకి గుద్దుకుని చనిపోయాడు. తల ముందుకి ఊగి మెడ దగ్గర పుర్రె విరగకుండా పట్టి ఉంచే హాన్స్ అనే పట్టీ అప్పటికే ఉంది. ఆయన వేసుకోలేదు. ఆ ముందు ఏడు, 2000 మే నెలలో, రిచర్డ్ పెట్టీ మనవడు ఆడమ్ పెట్టీ ప్రాక్టీస్‌లో పోయాడు. ఇంకా ముందుకి వెళ్తే 1964లో ఫైర్‌బాల్ రాబర్ట్స్ షార్లట్‌లో కారు అంటుకుని, ఆ కాలిన గాయాలతో వారాల తర్వాత కన్నుమూశాడు. ఇలాంటి మౌత్‌ల తర్వాతే మంట అంటని బట్టలు, పగలని ఇంధన ట్యాంకులు, మెడ పట్టీలు, మెత్తటి గోడలు వచ్చాయి. 2001 తర్వాత ఆ పై స్థాయి రేసుల్లో ఏ డ్రైవరూ చనిపోలేదు. జాన్సన్ ఏడు కప్పులూ ఆ తర్వాతివే. ఆ కప్పుల కింద ఎందరి జనాజాలున్నాయో ఏ జాబితా రాస్తుంది? చచ్చినవాళ్ల ఖర్చు మీద బతికిన జమానాని, రోజూ మౌత్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపిన జమానాతో ఎలా పోలుస్తారు?

ఇది మనకి ఎంత దగ్గరో మేడ్చల్, శామీర్‌పేట వాళ్లకి చెప్పక్కర్లేదు. అవుటర్ రింగ్ రోడ్డు మన గడప ముందే ఉంది. 158 కిలోమీటర్ల గుండ్రటి రోడ్డు, అచ్చం రేసు ట్రాక్ లాగే. రాత్రి పదకొండు దాటాక పైనుంచి ఆ సైలెన్సర్ల మోత వింటూ నిద్రపోయే ఇళ్లు మనవి. 2011 సెప్టెంబర్‌లో అదే రోడ్డు మీద బైక్ ప్రమాదంలో అజహరుద్దీన్ సాబ్ చిన్న కొడుకు పోయాడు, 19 ఏళ్ల పిల్లాడు. ఆ ఖాందాన్‌దే ఇంకో పిల్లాడూ పోయాడు. ఎంత పేరు, ఎంత దౌలత్ ఉన్న ఇల్లు! రోడ్డు అదేమీ చూడలేదు. 'గుద్దైనా దారి తీసుకునేవాడే మర్ద్' అని షీర్ ఖుర్మా తాగుతూ మనం నవ్వుతాం. పక్కన కూర్చున్న ఇంటర్ కుర్రాడు నవ్వడు, నేర్చుకుంటాడు. ఎవరు గొప్ప అన్న బహస్ వాడి చేతిలో యాక్సిలరేటర్ అవుతుంది.

ఇంతకీ నీ వోటు ఎవరికి అంటారా? తప్పించుకోను. ఒకే జమానా, ఒకే ట్రాకులు, ఒకే ప్రత్యర్థి అయితేనే పోలిక న్యాయం. అలాంటి గవాహీ ఒక్కచోట దొరికింది. పెట్టీ, పియర్సన్ మొదటి రెండు స్థానాల్లో నిలిచిన రేసులు 63. అందులో పియర్సన్ 33, పెట్టీ 30. నా వోటు పియర్సన్‌కి. హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి అయిదుగురిలో పెట్టీ ఉన్నాడు, పియర్సన్ లేడు, ఏడాది ఆగి తీసుకున్నారు. అదీ తప్పే అంటాను. కానీ ఆ వోటు వాళ్లిద్దరి మధ్యే చెల్లుతుంది. స్కాట్‌కి అదే ఇంజన్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో తెలియనంతవరకూ, 'సబ్ సే బడా' అనే తాజ్ ఎవరి తల మీదా పెట్టడానికి నా చేయి లేవదు.

ఈద్ అయిన పదో రోజు శామీర్‌పేట వెళ్లాను. భాంజా ఒక పాత కారు కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్లకే సలాం చెప్పాను. బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, చాయ్ చెప్పాడు. నేను చదివినదంతా చెప్పాను. స్కాట్ గురించి వాడికి ముందే తెలుసు. 1976 డేటోనా 500 గురించి వాడే నాకు చెప్పాడు. చివరి ల్యాప్‌లో పెట్టీ, పియర్సన్ కార్లు రెండూ గుద్దుకుని గోడకి కొట్టుకున్నాయి, గీతకి కాస్త ముందు గడ్డి మీద ఆగాయి. పెట్టీ ఇంజన్ బంద్ అయ్యింది, మళ్లీ అందుకోలేదు. పియర్సన్ కారు తిరుగుతున్నప్పుడే క్లచ్ తొక్కి ఇంజన్‌ని బతికించుకున్నాడు. నుజ్జయిన కారుని ఆటో కంటే మెల్లగా పాకించి గీత దాటాడు, గెలిచాడు.

"కారు గోడకి తగుల్తున్నప్పుడు క్లచ్ యాదికుండుడు, అది అసలు హునర్ మామూ. అది నంబర్‌లో ఏడ కనిపిస్తది?" అన్నాడు.

మా అబ్బా ఆర్టీసీ డ్రైవర్. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో, 166 మంది నౌకర్లతో మొదలుపెట్టిన బస్సు సర్వీసే తర్వాత ఆర్టీసీ అయ్యింది. ముప్ఫై ఏళ్లు స్టీరింగ్ పట్టి మమ్మల్ని చదివించారు. ఆయన చేతి కింద ఎన్ని వేల మంది క్షేమంగా ఇల్లు చేరారో ఎవరూ లెక్కపెట్టలేదు, ఏ కప్పూ ఇవ్వలేదు. ఆ మనిషి కొడుకుని నేను. అయినా ఈద్ రోజు డాలర్లు సంపాదించే భాంజా మాటకి నవ్వాను, గ్రీజు చేతుల భాంజాని నవ్వులపాలు చేశాను. ఒకడికి ఇంజనీరింగ్ ఫీజు కట్టిన తండ్రి ఉన్నాడు. ఇంకొకడి తండ్రి వాడి పదో తరగతిలో పోయాడు. ఇద్దరి నంబర్లూ ఒకే కాగితం మీద రాసి "చూడు, వాడిని చూసి నేర్చుకో" అనడం మన ప్రతి ఇంట్లో ప్రతి ఈద్‌కీ జరిగే రేసు. ఆ రేసులో జెండా ఊపే చేయి మనది. ల్యాపులు తప్పు లెక్కపెట్టేదీ మనమే.

అందుకే అమ్మలకి, అబ్బాలకి, మామూలకి నా గుజారిష్ ఇది. పిల్లలు డ్రైవర్ల మీద, క్రికెటర్ల మీద, షాయర్ల మీద బహస్ చేసుకోనివ్వండి, షౌఖ్ మంచిదే. కానీ 'నంబర్ చూడు' అన్నప్పుడల్లా పక్కన ఒకరైనా అడగాలి: గాడీ ఎవరిది, తలుపు ఎవరికి తెరిచారు, దీనికి ఎవరు జాన్ ఇచ్చారు? మన పిల్లల్లో ఎవరు కామ్యాబ్, ఎవరు నాకామ్ అని తేల్చే ముందు కూడా అవే అడగాలి.

నేను చెల్లెలి ఇంటికి వెళ్లి మాఫీ అడిగాను. భాంజాకి షెడ్డులోనే, ఇద్దరు కస్టమర్ల ముందు అడిగాను, ఎందుకంటే అన్నది కూడా నలుగురి ముందే. వాడు సిగ్గుపడి "ఛోడో మామూ" అన్నాడు. తర్వాత నా స్కూటీ చుట్టూ ఒకసారి తిరిగి, వెనక బ్రేక్ పట్టడం లేదని పట్టేశాడు. నెలన్నరగా నాకు తెలియలేదు. పైసలు తీసుకోలేదు. ఇచ్చినా తీసుకునేవాడు కాదు.

ఖుదా హాఫిజ్. బండి మెల్లగా నడపండి.